కాణీ ఖర్చు లేని ఇంటర్‌నెట్

వార్షిక సంచికకు సైన్సు విద్యార్థి వ్యాసం రాస్తున్నాడంటే అది కృష్ణబిలాల గూర్చో, కృత్రిమ మేధ గూర్చో అయివుంటుందని పాఠకులు అనుకోవడం సహజం. నేను అంత దూరం పోదలచుకోలేదు. పొన్నూరు బస్టాండు చుట్టుపక్కల జిరాక్సు షాపుల్లో మా వూరి రైతులు డబ్బులిచ్చి చేయించుకుంటున్న పనుల గూర్చి, ఆ పనుల్నే చేతిలోని ఫోనుతో వూరికే చేసుకునే మార్గాల గూర్చి నాలుగు మాటలు మనవి చేస్తాను. అధ్యాపక మహాశయులకు ఇందులో కొన్ని తెలిసినవే కావచ్చు. వారి ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు మాత్రం తెలిసివుండవు.

మాది సేద్యపు కుటుంబం. సార్వాలో వరి వేస్తాం, కోతకు ముందే చేలో మినుములు చల్లుతాం. ఇంట్లో నలుగురికీ కలిపి రెండు స్మార్ట్‌ఫోన్లు వున్నాయి. అయినా మొన్నమొన్నటి దాకా అడంగల్ కాగితం కావలసి వస్తే మా నాన్న మోటారుసైకిలు తీసి పొన్నూరు వెళ్ళేవాడు. పెట్రోలు ఖర్చు, షాపువాడికి ముప్ఫయ్యో నలభయ్యో, మధ్యలో కరెంటు పోతే సగంరోజు కూలి కూడా పోయినట్టే. షాపువాడు చేసేదల్లా ‘మీభూమి’ అనే వెబ్‌సైటు తెరవడం. అది 2015 నుంచి వుంది. జిల్లా, మండలం, గ్రామం యెంచుకుని, సర్వే నెంబరో ఖాతా నెంబరో కొట్టి, పక్కన కనబడే వంకరటింకర అక్షరాలను చూసి రాస్తే చాలు, కాగితం తెరమీదికి వస్తుంది. చూడడానికి పైసా అక్కరలేదు.

ఇక్కడ ఒక్క తేడా తెలుసుకోవాలి. అడంగల్ అంటే ఫలానా సర్వే నెంబరులో భూమి యెంత, యెవరి పేర వుంది, యెవరి అనుభవంలో వుంది, యే పంట వేశారు అనే వివరం. 1బి అంటే ఒక మనిషికి ఆ గ్రామంలో వున్న భూములన్నీ ఒకచోట చూపే లెక్క. రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నెంబర్ల స్థానంలో ఎల్.పి.ఎం. నెంబర్లు వచ్చాయి గనుక అక్కడ పాత నెంబరు కొట్టి ‘రికార్డు లేదు’ అని కంగారు పడనక్కరలేదు. తెరమీద చూసేది మన సమాచారం కోసమే. అధికారి సంతకం వున్న నకలు కావాలంటే మాత్రం మీసేవలో రుసుము కట్టి తీసుకోవలసిందే. కాని మన పేరు సరిగ్గా వుందా, విస్తీర్ణంలో సెంటు తగ్గిందా అని యేడాదికి రెండుసార్లు చూసుకోవడానికి ఆ సంతకంతో పనేమిటి? తప్పు పడితే ఆ సంవత్సరమే బయటపడుతుంది. పొలం అమ్మబోయే రోజున బయటపడడం కంటె అది మేలు గదా!

ఇది చెప్పగానే మా పక్కింటి బాబాయి, “అయితే గూగుల్లో కొడితే వస్తుందిగా!” అన్నాడు. అసలు చిక్కు అక్కడే వుంది. గూగుల్లో కొడితే వచ్చే మొదటి రెండు మూడు ఫలితాలు ఒక్కోసారి డబ్బు కట్టిన ప్రకటనలు. వాటిమీద చిన్న అక్షరాలతో ‘స్పాన్సర్డ్’ అని రాసివుంటుంది. ఆ కిందవి కూడా ప్రభుత్వం పేరు తగిలించుకున్న ప్రైవేటు పుటలు కావచ్చు. అందువల్ల వెబ్‌సైటు పేరుకన్న ముందు చిరునామా చదవడం నేర్చుకోవాలి. ఈ వ్యాసంలో మిగతాదంతా మరిచిపోయినా ఫరవాలేదు, ఇది మాత్రం ఇంట్లో వాళ్ళకు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఉత్తరం మీద చిరునామా మనం పైనుంచి కిందికి రాస్తాం. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే మనిషి మాత్రం కిందనుంచి పైకి చదువుతాడు. ముందు పిన్‌కోడు, తరువాత వూరు, తరువాత వీధి, చివరికి మన పేరు. వెబ్ చిరునామా అదే ధోరణిలో కుడినుంచి యెడమకు చదవాలి. ‘మీభూమి డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’ అన్నది తీసుకుందాం. కుడిచివర ‘ఇన్’ అంటే భారతదేశం. దాని ముందు ‘గవ్’ అంటే ప్రభుత్వం. ఈ ముద్ర ప్రభుత్వ సంస్థలకు తప్ప ఇతరులకు ఇవ్వరు. ‘ఏపీ’ మన రాష్ట్రం. ‘మీభూమి’ ఆ ఇంట్లో ఒక గది. ఇప్పుడు మోసగాడు యేం చేస్తాడంటే, ‘మీభూమి డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’ అని మొత్తం రాసి, దాని తరువాత ఇంకో చుక్క పెట్టి తన పేరు, డాట్ కామ్ అని తగిలిస్తాడు. యెడమనుంచి చదివేవాడికి అది అచ్చం సర్కారు చిరునామాలాగే కనబడుతుంది. కుడినుంచి చదివితే ఆ ఇల్లు యెవరిదో వెంటనే తేలిపోతుంది. చిరునామా మొదట్లోని జంట గీతలు కాక, ఆ తరువాత మొదటి యేటవాలు గీత వస్తే అక్కడ ఆగి, ఆ గీతకు యెడమ పక్కనుంచి ఈ చదువు మొదలుపెట్టాలి. గీత తరువాత యేమి రాసివున్నా నమ్మకానికి పనికిరాదు.

చిరునామా పక్కన తాళం బొమ్మ వుంటే భద్రమేనని చాలామంది అభిప్రాయం. అది అపోహ. మనకూ ఆ వెబ్‌సైటుకూ మధ్య పోయే మాటలు మూడోవాడు వినలేడని మాత్రమే తాళం చెబుతుంది. అవతలి మనిషి మంచివాడని చెప్పదు. దొంగ కూడా తన ఇంటికి తాళం వేసుకోవచ్చును.

ఇంత తంటా యెందుకు వచ్చిందంటే, వెబ్ పుట్టుక అటువంటిది. జెనీవా దగ్గరి ‘సెర్న్’ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్‌లీ తయారుచేసిన ఆ పద్ధతిని 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ యెవరైనా వూరికే వాడుకోవచ్చని ప్రకటించింది. మన దేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ వారు ఇంటర్‌నెట్‌ను సామాన్య ప్రజలకు ఇచ్చారు. గేటు లేని సంత అది. మంచి సరుకు వూరికే దొరుకుతుంది, జేబుదొంగ కూడా వూరికే లోపలికి వస్తాడు.

ఇక ధరల సంగతి. మా మామయ్య పెదనందిపాడు వైపు మిరప వేస్తాడు. గుంటూరు యార్డుకు టిక్కీలు తోలే ముందు ఆయన నలుగురికీ ఫోను చేస్తాడు. ఒకడు చెప్పిన ధర ఇంకొకడు చెప్పడు. కేంద్రప్రభుత్వం వారి ‘అగ్‌మార్క్‌నెట్’లో మార్కెట్లవారీగా, తేదీవారీగా ధరలు వుంటాయి. 2016లో మొదలైన ‘ఈ-నామ్’లో గుంటూరు మిర్చి యార్డు కూడా వున్నది. అక్కడ ప్రతి సరుకుకూ మూడు ధరలు కనబడతాయి: కనిష్ఠం, గరిష్ఠం, మోడల్. ఊళ్ళో ప్రచారమయ్యేది యెప్పుడూ గరిష్ఠ ధరే. రైతు ఆ ధర మనసులో పెట్టుకొని యార్డుకు పోయి, రాకపోతే తనకే అన్యాయం జరిగిందని కుమిలిపోతాడు. చూడవలసింది మోడల్ ధర. పదో తరగతి లెక్కల్లో మనం చదివిన బాహుళకమే అది. ఒక లెక్క ఊహించుకుందాం. వంద టిక్కీల్లో మూడు క్వింటాలు ఇరవై వేల చొప్పున, యెనభైయైదు పద్నాలుగు వేల చొప్పున, పన్నెండు తొమ్మిది వేల చొప్పున అమ్ముడుపోయాయి. గరిష్ఠం ఇరవై వేలు. మోడల్ పద్నాలుగు వేలు. మామూలు సరుకు వున్నవాడు రెండోదాన్ని చూసి బయలుదేరాలి. పరీక్ష కోసం సగటు, మధ్యగతం, బాహుళకం బట్టీపట్టిన నాకు ఆ మూడోదానికి ఇంత పని వుందని మామయ్య ఫోనులో చూసినప్పుడే తెలిసింది.

వానకు కూడా ఇంతే. భారత వాతావరణశాఖ వారు వారానికి రెండుసార్లు, మంగళ శుక్రవారాల్లో, జిల్లాలవారీగా వ్యవసాయ సలహా పత్రం విడుదల చేస్తారు. ‘మేఘదూత్’ యాప్‌లో అది తెలుగులోనే వస్తుంది. కళ్ళంలో మిరపకాయలు ఆరబోసినవాడికి, కోసిన వరి పనల మీద వున్నవాడికి ఆ రెండు రోజుల ముందుమాట పట్టాల ఖర్చుకు వెయ్యిరెట్లు. ‘దామిని’ అనే ఇంకొక యాప్ దగ్గర్లో పిడుగులు పడుతున్నాయా అని చెబుతుంది. చేలో వుండేవాళ్ళ ఫోనులో అది తప్పనిసరిగా వుండాలి.

మన చదువుల విషయానికి వస్తే, పుస్తకాల ఖర్చు భరించలేనివారు మనలో యెందరో నాకు తెలుసు. ఐఐటీలు, బెంగుళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్ కలిసి 2003 నుంచి నడుపుతున్న ‘ఎన్‌పీటీఈఎల్’ పాఠాలు వినడానికి రుసుము లేదు. పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకునేవారే డబ్బు కట్టాలి. చాలావరకు ఇంగ్లీషులో వుంటాయి, మొదటిసారి భయం వేస్తుంది. వేగం తగ్గించుకుని, ఆపి, వెనక్కి తిప్పి వింటే నాలుగో పాఠానికి చెవి అలవాటు పడుతుంది. ఖరగ్‌పూర్ ఐఐటీ వారి ‘నేషనల్ డిజిటల్ లైబ్రరీ’ 2018లో జాతికి అంకితమైంది. ప్రయోగశాలలో ఒక పరికరం చుట్టూ పదిమంది నిలబడి తొంగిచూసే మనకు ‘వర్చువల్ ల్యాబ్స్’ కూడా వరమే. దాని చిరునామాలో ‘గవ్’ లేదు సుమా, కేంద్ర విద్యాశాఖ వారిదే అయినా! ముద్ర లేనిదల్లా దొంగది కాదని గుర్తుంచుకోవాలి. ముద్ర వేసుకున్నట్టు నటించేదే దొంగది. 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ మరుసటి యేడు కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ‘ఫెట్’లో లోలకం, విద్యుద్వలయం వంటివి మన వేలితో కదిలించి చూడవచ్చు. కొన్ని తెలుగులో కూడా వున్నాయి. హైస్కూలు చదివే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చూపించండి.

తెలుగు మాట కోసం ‘ఆంధ్రభారతి’ని మించింది నాకు కనబడలేదు. ఒక్క మాట కొడితే శబ్దరత్నాకరం, బ్రౌణ్యం, సూర్యరాయాంధ్ర నిఘంటువు వరసగా అర్థాలు చెబుతాయి. రచయిత మరణించి 60 సంవత్సరాలు గడిచిన పుస్తకాలకు మన దేశంలో కాపీహక్కు వుండదు కనుక అటువంటివి తెలుగు ‘వికీసోర్స్’లో ధైర్యంగా దించుకోవచ్చు. కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాలు తెచ్చి, పని పూర్తికాకుండానే 1923లో కన్నుమూశారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఇప్పుడు లక్షకు పైగా వ్యాసాలున్నాయి. జీతం లేనివాళ్ళు రాసినవి! తప్పులు లేకపోలేదు. సరిదిద్దే మీట పైనే వుంటుంది.

చివరగా మోసాల గూర్చి. మా వూళ్ళో ఒకాయన గ్యాస్ బండ రాలేదని ఆ కంపెనీ నెంబరు ఇంటర్‌నెట్‌లో వెదికాడు. దొరికిన నెంబరుకు ఫోను చేస్తే అవతలివాడు అచ్చమైన గుంటూరు తెలుగులో “అన్నా, మీకు డబ్బు వాపసు రావాలి, పిన్ కొట్టండి” అన్నాడట. కొట్టాడు. తొమ్మిదివేలు పోయాయి, మినుములు అమ్మిన డబ్బు. యూపీఐలో పిన్ కొట్టేది డబ్బు పంపడానికి, నిల్వ చూసుకోవడానికి. డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు, క్యూఆర్ గుర్తు స్కాన్ చేయనక్కరలేదు. కంపెనీ నెంబరు పాత బిల్లు మీద, ఏటీఎం కార్డు వెనక వుంటుంది, అక్కడిదే వాడాలి. వాట్సాప్‌లో పెళ్ళి శుభలేఖ పేరుతోనో, పీఎం కిసాన్ పేరుతోనో ‘ఏపీకే’ అని చివర వున్న ఫైలు వస్తే, పంపినవాడు మేనమామ అయినా తెరవకూడదు. మేనమామ ఫోను అప్పటికే దొంగ చేతిలో వుండివుంటుంది. శుభలేఖకు యాప్ యెందుకు?

డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోను చేయాలి. ఆ సొమ్ము ఒక ఖాతానుంచి మరో ఖాతాకు జారకముందే ఆపగలిగితే దక్కే ఆశ వుంటుంది; అందుకే అక్కడ గంటలు కాదు, నిమిషాల లెక్క. ‘సంచార్ సాథీ’ అనే ప్రభుత్వ వెబ్‌సైటు 2023లో వచ్చింది. మన పేరు మీద యెన్ని సిమ్‌లు వున్నాయో అందులో తెలుస్తుంది. ఫోను పోతే పోలీసు ఫిర్యాదు ప్రతి జతచేసి, ఆ ఫోను యే సిమ్ వేసినా పనిచేయకుండా అక్కడే బిగించవచ్చు. దానికి ఐఎంఈఐ నెంబరు కావాలి. ఫోనులో నక్షత్రం గుర్తు, గడి గుర్తు, 06, మళ్ళీ గడి గుర్తు నొక్కితే పదిహేను అంకెలు కనబడతాయి. వాటిని ఆ ఫోనులోనే దాచుకుంటే ఫోనుతోబాటే పోతాయి. మా అమ్మవీ నాన్నవీ నేను వంటింటి క్యాలెండరు వెనక రాసిపెట్టాను.