కోచ్‌ను మారిస్తే కప్పు వస్తుందా?

మార్చి వచ్చిందంటే అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్‌దే రాజ్యం. ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో 68 జట్లు దిగుతాయి. ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. అంటే ఏప్రిల్ మొదటి వారాలకల్లా 67 జట్లు ఓటమితోనే ఇంటిదారి పడతాయి. అన్నిచోట్లా కాకపోయినా చాలాచోట్ల అప్పుడు వినిపించేది ఒకటే మాట: కోచ్‌ని పీకేయాలి. నార్త్ కరోలినాలో కేరీ, మోరిస్‌విల్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఈ గోల కొత్త కాదు. డ్యూక్, యూఎన్‌సీ, ఎన్‌సీ స్టేట్ యూనివర్సిటీలు మూడూ అక్కడికి దగ్గర్లోనే ఉన్నాయి. కోచ్‌ల గురించి అభిమానులు నమ్మే చాలా మాటలకు గట్టి జవాబు కూడా ఆ మూడింటిలోనే దొరుకుతుంది.

అపోహ: సత్తా ఉన్న కోచ్ అయితే మూడేళ్లలో తేలిపోతుంది.

వాస్తవం: 1980లో డ్యూక్ ఒక 33 ఏళ్ల కోచ్‌ని తెచ్చుకుంది. పేరు మైక్ షషెవ్‌స్కీ. అంతకు ముందు సీజన్‌లో ఆర్మీ (సైనిక అకాడమీ) జట్టుతో ఆయన గెలిచినవి 9, ఓడినవి 17. డ్యూక్‌లో మొదటి మూడేళ్లు కలిపితే 38 గెలుపులు, 47 ఓటములు. పైగా ఇరుగుపొరుగు ఊరుకోలేదు. 1982లో యూఎన్‌సీ టైటిల్ కొట్టింది. 1983లో ఎన్‌సీ స్టేట్ కొట్టింది. దాని కోచ్ జిమ్ వాల్వానో కూడా షషెవ్‌స్కీ వచ్చిన ఏడాదే ఉద్యోగంలో చేరినవాడు! పక్కింటివాళ్లకి వరసగా రెండు కప్పులు వస్తుంటే, 1983లో తమ కాన్ఫరెన్స్ (కాలేజీల లీగ్) టోర్నమెంట్‌లో డ్యూక్ వర్జీనియా చేతిలో 109–66 స్కోరుతో చిత్తయింది. ఆ అక్టోబరులో కొత్త సీజన్ తొలి ప్రాక్టీసుకి వచ్చిన ఆటగాళ్లకు స్కోరుబోర్డు మీద వెలుగుతూ కనిపించినవి ఆ అంకెలే.

విరాళాలిచ్చే పెద్దలు కోచ్‌ని పంపెయ్యమంటుంటే అథ్లెటిక్ డైరెక్టర్ టామ్ బటర్స్ 1984 జనవరిలో కాంట్రాక్టు పొడిగించాడు. మొదటి టైటిల్ 1991లో, పదకొండో సీజన్‌లో వచ్చింది. 2022లో రిటైరయ్యేనాటికి టైటిళ్లు 5, గెలుపులు 1,202.

యూఎన్‌సీ కథ ఇంకా ఘాటు. 1965 జనవరిలో వేక్ ఫారెస్ట్ చేతిలో ఓడి జట్టు బస్సు తిరిగొచ్చేసరికి క్యాంపస్‌లో కోచ్ డీన్ స్మిత్ దిష్టిబొమ్మ ఉరికి వేలాడుతోంది. దిష్టిబొమ్మలు తగలబెట్టడం మనకు అలవాటే గానీ, అవి ఎక్కువగా మంత్రులవి. ఇక్కడ సొంత విద్యార్థులు సొంత కోచ్‌ని వేలాడదీశారు. బిల్లీ కన్నింగ్‌హామ్ అనే ఆటగాడు బస్సు దిగి దాన్ని పీకిపారేశాడు. స్మిత్ ఆ తర్వాత ఆరుసార్లు ఫైనల్ ఫోర్ (సెమీఫైనల్స్) దాకా వెళ్లి ఖాళీ చేతులతో వచ్చాడు. ఏడోసారి, 1982లో, మైకేల్ జోర్డన్ అనే కొత్త కుర్రాడు చివరి షాట్ వేశాక గానీ కప్పు రాలేదు. అది స్మిత్‌కి 21వ సీజన్.

అపోహ: మార్చిలో చిన్న జట్టు చేతిలో ఓడిన కోచ్ పెద్ద మ్యాచ్‌లకు పనికిరాడు.

వాస్తవం: ముందు లెక్క చూద్దాం. ప్రతి మ్యాచ్‌లోనూ గెలిచే అవకాశం 80 శాతం ఉన్న బ్రహ్మాండమైన జట్టు ఒకటి ఉందనుకోండి. వరసగా ఆరు గెలిచి కప్పు ఎత్తే అవకాశం దానికి 26 శాతమే. నాలుగేళ్లలో మూడేళ్లు అంతటి జట్టు కూడా ఎక్కడో ఒకచోట ఓడుతుంది. ఆ ఓటమికి ఏదో ఒక పేరు కావాలి కాబట్టి కోచ్ పేరు పెడతారు.

2018లో వర్జీనియా టాప్ సీడ్. దాని ప్రత్యర్థి యూఎంబీసీది చిట్టచివరి 16వ సీడ్. అప్పటిదాకా అలాంటి మ్యాచ్‌లు 135 జరిగితే 135లోనూ టాప్ సీడే గెలిచింది. విరామానికి స్కోరు 21–21. మ్యాచ్ అయ్యేసరికి 74–54, గెలిచింది యూఎంబీసీ. నెమ్మదిగా ఆడించే కోచ్ టోనీ బెనెట్ పద్ధతి మార్చిలో పనికిరాదని తీర్పులు వచ్చేశాయి.

మరుసటి ఏడాది అదే కోచ్, అదే పద్ధతి. సెమీఫైనల్లో ఆబర్న్ కంటే 2 పాయింట్లు వెనకబడి ఉండగా, 0.6 సెకన్లు మిగిలాయనగా కైల్ గై షాట్ వేశాడు, రెఫరీ ఫౌల్ ఊదాడు. మూడు ఫ్రీ త్రోలు. మూడూ పడ్డాయి: 63–62. ఆ తర్వాత ఫైనల్ కూడా గెలిచి వర్జీనియా చాంపియన్ అయింది. ఆ ఈల మోగకపోతే బెనెట్ ఇంకా ‘మార్చిలో తేలిపోయే కోచ్’గానే మిగిలేవాడు. నన్నడిగితే, ఒక రెఫరీ ఊదిన ఈలని బట్టి మారిపోయే బిరుదు ఎవరికీ ఇవ్వకూడదు.

అపోహ: జాన్ వుడెన్‌లా గెలిపించేవాడు కావాలి, ఆయన తర్వాత వచ్చినవాళ్లంతా అసమర్థులు.

వాస్తవం: యూసీఎల్‌ఏలో వుడెన్ 12 ఏళ్లలో 10 టైటిళ్లు గెలిచాడు. అందులో ఏడు వరసగా వచ్చాయి. అభిమానులు మరిచిపోయేది ఏమిటంటే, ఆయన చేరింది 1948లో, మొదటి టైటిల్ 1964లో, 16వ సీజన్‌లో వచ్చింది. అప్పటి టోర్నమెంట్ కూడా వేరు. 1964లో ఆడినవి 25 జట్లే, యూసీఎల్‌ఏ కప్పు కోసం గెలవాల్సి వచ్చినవి నాలుగు మ్యాచ్‌లే. 1974 దాకా ఒక్కో కాన్ఫరెన్స్ నుంచి ఒక్క జట్టునే రానిచ్చేవారు. ఇప్పుడు కనీసం ఆరు గెలవాలి. దీనివల్ల వుడెన్ ఘనత తగ్గదు, 88 మ్యాచ్‌లు ఓటమి లేకుండా ఆడించడం ఏ కాలంలోనైనా గొప్పే. కాకపోతే ఆ కొలబద్ద ఇప్పటి టోర్నమెంట్‌కి సరిపోదు.

1975లో ఆయన కుర్చీలో కూర్చున్న జీన్ బార్టో రెండేళ్లలో 52 గెలిచి 9 ఓడాడు. మొదటి ఏడాదే ఫైనల్ ఫోర్‌కి తీసుకెళ్లాడు. ఆయన గెలుపు శాతం 85. యూసీఎల్‌ఏలో మొత్తం 27 ఏళ్ల మీద వుడెన్ శాతం 81. రెండేళ్లని 27 ఏళ్లతో పోల్చడం న్యాయం కాదు, నిజమే. అయినా 85 శాతం గెలిచిన మనిషి విమర్శలు భరించలేక అలబామాలోని బర్మింగ్‌హామ్‌కి పోయి, అక్కడి యూనివర్సిటీలో సున్నా నుంచి కొత్త జట్టు కట్టుకున్నాడంటే, ఆ అభిమానుల ఆశ ఎక్కడ కూర్చుందో ఊహించుకోండి.

అపోహ: కాబట్టి ఓపిక పడితే ప్రతి కోచ్ షషెవ్‌స్కీ అవుతాడు.

వాస్తవం: ఇది పై అపోహలకు కవల తోబుట్టువు. ఓడుతున్న ప్రతి కోచ్‌నీ వెనకేసుకొచ్చేవాళ్లు డ్యూక్ కథే చెబుతారు. మూడేళ్లు ఓడి ఆ తర్వాత కూడా ఓడినవాళ్ల కథలు ఎవరూ చెప్పరు గనక అది నిజంలా వినిపిస్తుంది. పైగా పైనుంచి కనిపించే ఓపిక చాలాసార్లు ఓపిక కాదు, కాంట్రాక్టు. మధ్యలో పంపేస్తే మిగిలిన డబ్బు కట్టాలి. 2021లో ఇండియానా యూనివర్సిటీ ఆర్చీ మిల్లర్‌ని నాలుగేళ్లకే పంపడానికి కోటి డాలర్ల పైనే అయింది. అది దాతలు ఇచ్చిన సొమ్ము.

కాలం కూడా మారింది. ఆటగాళ్లు కాలేజీ మారి వెంటనే ఆడుకునే వీలు 2021లో వచ్చింది. తమ పేరు వాడుకుని డబ్బు సంపాదించుకునే హక్కూ అదే ఏడాది వచ్చింది. అప్పటినుంచి ఒక్క వేసవిలో జట్టంతా మార్చేయొచ్చు. కెన్నీ పేన్ కోచ్‌గా ఉండగా లూయీవిల్ రెండేళ్లలో 12 గెలిచి 52 ఓడింది. 2024లో ప్యాట్ కెల్సీ వచ్చి, బయటి కాలేజీల నుంచి ఆటగాళ్లని తెచ్చి దాదాపు కొత్త జట్టునే దింపాడు. తొలి సీజన్‌లోనే 27 గెలుపులు, 8 ఓటములు. ఆ ఎనిమిదో ఓటమి ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో మొదటి మ్యాచ్‌లోనే, క్రైటన్ చేతిలో.