మంచులో ప్రాణదాతలు... మంచం పక్కన నేస్తాలు

విశ్వాసానికి కుక్క తర్వాతే ఏ జీవి అయినా అంటారు పెద్దలు. ఇంటి కాపలాకు, గొర్రెల మందకు కుక్క ఎంత అండో పల్లెవాసులకు ఒకరు చెప్పనక్కర్లేదు. అయితే వడ్ల బస్తా అంత బరువు తూగే ఒక జాతి కుక్క రెండు శతాబ్దాల పాటు మంచులో మనుషుల ప్రాణాలు నిలిపింది. ఇప్పుడు వృద్ధుల మంచాల పక్కన కూర్చుని వారి మనసుకు ఊరట ఇస్తోంది. అదే సెయింట్ బెర్నార్డ్ జాతి. దీని పుట్టిల్లు స్విట్జర్లాండ్.

కొండ మీద సత్రం

స్విట్జర్లాండ్, ఇటలీ దేశాల సరిహద్దులో ఆల్ప్స్ పర్వతాల మధ్య గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ అనే కనుమ ఉంది. ఎత్తు సుమారు 8,100 అడుగులు. మన తిరుమల కొండకు రెండింతల పైమాటే. ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడ మంచే. అయినా వర్తకులు, రోము నగరానికి పోయే యాత్రికులు ఆ దారినే కాలినడకన దాటేవారు. దారి తప్పినవారు, మంచు విరిగిపడి కూరుకుపోయినవారు ఎందరో.

వీరి కోసం 11వ శతాబ్దంలో బెర్నార్డ్ అనే క్రైస్తవ సన్యాసి కనుమ మీద సత్రం నెలకొల్పారు. వచ్చినవాడు ఎవరని అడగకుండా అన్నం పెట్టి, పడక ఇవ్వడం అక్కడి ఆచారం. 17వ శతాబ్దంలో సన్యాసులు కాపలా కోసం పెద్ద కుక్కలను తెచ్చుకున్నారు. మంచు తుఫానులో మనిషికి తన చెయ్యి తనకే కనబడనప్పుడు కూడా ఈ కుక్కలు దారి తప్పవని, మంచు కింద పడి ఉన్న మనిషిని వాసనతో పసిగడతాయని క్రమంగా వారు గమనించారు. అలా కాపలా కుక్కలు కాస్తా ప్రాణదాతలయ్యాయి.

పక్కన పడుకోవడమే వైద్యం

మంచులో చిక్కినవాడికి ఒంట్లో వేడి తగ్గేకొద్దీ మగత కమ్ముతుంది. అలాగే నిద్రపోతే మళ్లీ లేవడం ఉండదు. కుక్కలు జతగా వెళ్లి పంజాలతో మంచు తవ్వేవి. ముఖం నాకి మనిషిని మేలుకొలిపేవి. ఒకటి అతనికి ఆనుకుని పడుకుని తన ఒంటి వేడిని ఇచ్చేది. రెండోది సత్రానికి పరుగెత్తి మనుషులను వెంటబెట్టుకొచ్చేది. ఈ విధంగా సుమారు 2,000 మంది బతికి బయటపడ్డారని అంచనా.

వీటిలో పేరు మోసినది బారీ. 1800లో పుట్టిన ఈ కుక్క 40 మందికి పైగా కాపాడిందని ప్రతీతి. చివరకు తాను కాపాడబోయిన మనిషి చేతిలోనే చచ్చిపోయిందన్న కథ నిజం కాదు. ముసలిదయ్యాక 1812లో దాన్ని బెర్న్ నగరానికి తీసుకువెళ్లారు. అక్కడే 1814లో వయసు మీరి మరణించింది. దాని రూపం నేటికీ బెర్న్ మ్యూజియంలో ఉంది. బొమ్మల్లో ఈ కుక్కల మెడకు కనిపించే సారా పీపా కూడా 1820లో లాండ్‌సీర్ అనే ఆంగ్ల చిత్రకారుడు గీసిన చిత్రంతో ప్రచారంలోకి వచ్చినదే.

పాత పని పోయింది, కొత్త పని వచ్చింది

1964లో ఆ కొండ కింద సొరంగ మార్గం తెరిచారు. కాలినడక బాటసారులు తగ్గిపోయారు. ఆపదలో ఉన్నవారిని వెదకడానికి హెలికాప్టర్లు వచ్చాయి. సత్రంలో సన్యాసులు కొద్దిమందే మిగిలారు. అంతంత కుక్కలను మేపి సాకడం వారికి భారమైంది. 2004లో వాటిని వదులుకోవాలని నిర్ణయించారు. మరుసటి ఏడు బారీ పేరుతోనే ఏర్పడిన ఒక సంస్థ వాటి బాధ్యత తీసుకుంది. మార్టిన్యీ పట్టణంలో వాటిని పెంచుతూ, వేసవిలో మాత్రం పాత అలవాటుగా కనుమ మీదికి తీసుకువెళుతోంది.

శిక్షణ పొందిన కుక్కలు తమ సంరక్షకుల వెంట వృద్ధాశ్రమాలకు, వికలాంగుల సంస్థలకు వెళుతున్నాయి. ఇక్కడ వాటి భారీ ఆకారమే మేలు చేస్తోంది. తల మంచం ఎత్తుకు, చక్రాల కుర్చీ చేతి ఎత్తుకు వస్తుంది. లేవలేని మనిషి వంగనక్కర్లేదు, చెయ్యి చాపితే చాలు. పెద్ద కుక్క కదలిక నిదానం. ఒకచోట కూర్చుంటే ఎంతసేపైనా కూర్చుంటుంది. ఎవరితోనూ మాట్లాడని ముసలివారు కూడా దానితో నాలుగు మాటలు చెప్పుకుంటారు.

దీని వెనుక శాస్త్రం కూడా లేకపోలేదు. కుక్క, దాన్ని పెంచినవారు ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకున్నప్పుడు ఇద్దరి ఒంట్లోనూ ఆక్సిటోసిన్ అనే రసాయనం పెరుగుతుందని జపాన్ శాస్త్రజ్ఞులు 2015లో ప్రకటించారు. తల్లీ బిడ్డల మధ్య మమకారం పెంచేది కూడా ఇదే. అయితే కుక్క మందు కాదు. రోగాన్ని కుదర్చదు. దిగులును, ఒంటరితనాన్ని తగ్గిస్తుంది, అంతే.

మన ఊరి కుక్క చాలదా?

ఇదంతా చదివి ముచ్చటపడి సెయింట్ బెర్నార్డ్ పిల్లను కొని తేవడం మాత్రం తగదు. మంచుకు తట్టుకునే ఆ దట్టమైన బొచ్చుతో మన ఎండల్లో అది నరకం అనుభవిస్తుంది. మన నాటు కుక్కలు మన వాతావరణానికి అలవాటు పడినవి. పిల్లలు పట్నాలకు వెళ్లిపోగా అరుగు మీద ఒంటరిగా మిగిలిన అవ్వా తాతల కాళ్ల దగ్గర చాలా ఊళ్లలో కూర్చునేది అవే. కుక్కపిల్లను కొట్టకుండా, రోజంతా గొలుసుకు కట్టేయకుండా, వేళకు ఇంత అన్నం పెట్టి సాకితే అది సాధువుగానే ఎదుగుతుంది.

జాగ్రత్త కూడా అవసరమే. ఎంత సాధువైన కుక్క దగ్గరైనా చంటిపిల్లలను ఒంటరిగా వదలరాదు. పశువుల ఆసుపత్రిలో ఏటేటా రేబిస్ టీకా వేయించాలి. ఏ కుక్క కరిచినా గాయంపై కారం, సున్నం, పసరు పెట్టరాదు. వెంటనే సబ్బుతో, ధారగా పోసే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయక ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి సూదిమందు వేయించుకోవాలి.

ఆ మంచు కొండల్లోనైనా, మన అరుగుల మీదైనా కుక్క చేసే ఉపకారం ఒకటే. కష్టంలో ఉన్న మనిషిని విడిచి వెళ్లకుండా పక్కన ఉండడం. దానికి బదులుగా అది కోరేది పిడికెడు మెతుకులు, కాస్త ఆదరణ. ఆ మాత్రం ఇవ్వడం మన చేతిలో పనే.