పొయ్యి ఆరినా పట్టని కునుకు
బ్యారన్ కాపలా రైతులకు తుమ్మెద శ్వాస

ఒంగోలు, కందుకూరు ప్రాంతాల్లో సంక్రాంతి వెళ్లిందంటే పొగాకు బ్యారన్ల కాడ రాత్రీ పగలూ ఒకటే. ఆకు ఎక్కించినది మొదలు ఐదారు రోజులు పొయ్యి కనిపెట్టుకుని ఉండాల్సిందే. 90, 100 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఆకు రంగు తేలాలి. అక్కణ్ణుంచి మెల్లగా పెంచుకుంటూ పోయి ఈనె ఎండే వేళకు 160 దాకా తేవాలి. తొందరపడితే రంగు చెడుతుంది. ఏమరుపాటున ఒక ఆకు జారి కాలిన గొట్టాల మీద పడిందంటే బ్యారన్ మొత్తం అంటుకుంటుంది. అందుకే ఎవరో ఒకరు మేలుకుని ఉంటారు.

ఇదంతా రైతులకు కొత్త సంగతి కాదు. ఆకు దించాక వచ్చే బాధ గురించే ఎవరూ నోరు విప్పరు. పొయ్యి ఆరిపోయింది, పని తీరింది, మంచం మీద వాలారు. నిద్ర మాత్రం రాదు. ఒళ్లు పడుకున్నా తల పడుకోదు. రెండింటికి టక్కున మెలకువ వస్తుంది. మా ఇంట్లో బ్యారన్ ఉన్న రోజుల్లో మా నాయన అలాగే లేచి బ్యాటరీ లైటు పట్టుకుని ఆరిన పొయ్యిని చూసి వచ్చేవాడు. మేం నవ్వేవాళ్లం. నలభై దాటాక నాకూ ఆ తిప్పలు వచ్చాయి గనక ఇప్పుడు నవ్వు రావడం లేదు.

దీనికి పైసా ఖర్చు లేని ఉపాయం ఒకటి మన పాత యోగ గ్రంథాల్లోనే ఉంది. భ్రామరి అంటారు. భ్రమరం అంటే తుమ్మెద. హఠయోగ ప్రదీపికలో చెప్పిన ఎనిమిది ప్రాణాయామాల్లో ఇదొకటి.

చేసే తీరు చూడండి. మంచం మీదనో అరుగు మీదనో నడుం నిటారుగా పెట్టి కూర్చోండి. పెదాలు మూసి, లోపల పళ్లు ఒకదానికొకటి తగలకుండా వదులుగా ఉంచండి. ముక్కుతో గాలి పీల్చి, వదిలేటప్పుడు గొంతులో తుమ్మెద ఝుంకారంలా ‘మ్‌మ్‌మ్’ అని సాగదీయండి. పక్కగదిలో వాళ్లకు వినపడాల్సిన పని లేదు. చూపుడు వేళ్లతో చెవుల ముందరి మెత్తటి మడతను మెల్లగా నొక్కితే శబ్దం తల నిండా తిరుగుతుంది. ఆ అదురు ఎక్కడెక్కడ తగులుతోందో గమనించడమే పని. మనసు అప్పు మీదికో, ధర మీదికో పోతే మళ్లీ శబ్దం మీదికి తెచ్చుకోండి. పదిసార్లు చాలు. తర్వాత పడుకుని శబ్దం లేకుండా నాలుగు లెక్కపెట్టేలోగా పీల్చి, ఆరు లెక్కపెట్టేలోగా వదలండి. లెక్క సెకనుకు ఒకటి చొప్పున పడితే నిమిషానికి ఆరు శ్వాసలు అవుతాయి.

ఇది పనిచేయడానికి కారణం ఉంది. గాలి వదిలేటప్పుడు గుండె వేగం కొంచెం తగ్గుతుంది. వదలడం పొడుగైన కొద్దీ ఒళ్లు విశ్రాంతి వైపు మళ్లుతుంది. ఇటలీ పరిశోధకులు 2001లో ఒకే మనుషుల చేత మంత్రజపం చేయించీ, లాటిన్‌లో మేరీమాత ప్రార్థన చెప్పించీ పరీక్షిస్తే, రెండుసార్లూ శ్వాస నిమిషానికి ఆరు దగ్గరే నిలిచింది. గుండె లయ కూడా దానితో కుదిరింది. 2002లో స్వీడన్‌లో ముక్కుతో రాగం తీసినప్పుడు లోపల నైట్రిక్ ఆక్సైడ్ వాయువు 15 రెట్లు పెరిగిందని తేల్చారు. ఈ రెండోదాన్ని నిద్రకు ముడిపెట్టి గొప్పలు చెప్పేవాళ్లున్నారు గానీ ఆ పరీక్ష నిద్ర మీద చేసింది కాదు.

మొదటి రెండు రాత్రులు నాకు నవ్వు తప్ప నిద్ర రాలేదు. వారం గడిచాకే తేడా తెలిసింది. రెండింటికి మెలకువ ఇప్పటికీ వస్తుంది, కాకపోతే లేచి కూర్చోకుండా మళ్లీ కునుకు పడుతోంది.

చెవిలో చీము, పోటు ఉంటే చెవులు మూయకండి. ముక్కు దిబ్బడగా ఉన్నప్పుడు మానేయండి. కళ్లు తిరిగితే ఆపేయండి. పురుగు మందు కొట్టొచ్చిన రోజు ఆయాసం, చెమటలు, నోట్లో నీళ్లూరడం ఉంటే అది నిద్రలేమి అనుకోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పచ్చాకు కోసిన చేతుల్ని సబ్బుతో కడిగి పడుకోండి, తడి ఆకు నుంచి నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. పొద్దుపోయాక టీ, బీడీ తగ్గించకపోతే తుమ్మెద కూడా ఏం చేయలేదు. గురక మధ్యలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు చెబితే డాక్టరుకు చూపించుకోవాలి.

అప్పుల దిగులుతో వారాల తరబడి నిద్ర పట్టక, బతుకు మీదే విరక్తి పుడుతుంటే శ్వాసతో సరిపెట్టుకోవద్దు. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీమానస్ నంబరు 14416కి ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఇంకొక్క మాట. బ్యారన్ కాపలాలో కూర్చుని మాత్రం దీన్ని చేయకండి. పొయ్యి వంతు ఇంకొకరికి అప్పజెప్పి, వాళ్లు థర్మామీటరు చూశారని తెలుసుకున్నాకే మంచం ఎక్కండి.