లెక్క వ్రాయించిన మహారాజు

మన భోగాపురం నుండి విజయనగరం వెళ్లినవారు అక్కడి కోటను చూచియుంటారు. ఆ సంస్థానమును ఏలిన పూసపాటి ఆనంద గజపతి మహారాజు (1850–1897) మద్రాసు శాసనసభలో సభ్యుడు, విద్యలకు గొప్ప పోషకుడు. మాక్స్ ముల్లర్ ఋగ్వేదం రెండవ ముద్రణకు (1890–92) ధనసహాయం చేసినది ఆయనే. హరికథలు చెప్పిన ఆదిభట్ల నారాయణదాసుగారికి, కవి గురజాడ అప్పారావుగారికి ఆశ్రయమిచ్చినదీ ఆయనే.

అయితే మేము ముఖ్యంగా జ్ఞాపకం చేయదలచినది ఆయన వ్రాయించిన ఒక పట్టిక. ఆ దినాలలో సొమ్ము పుచ్చుకొని పసిపిల్లలను ముసలివారికి కట్టబెట్టే ఆచారముండేది. మహారాజు విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాలలో జరిగిన అట్టి పెండ్లిండ్లను లెక్క కట్టించారు. మూడేండ్లలో 1,034 తేలాయి! ఆ పెండ్లికూతుళ్లలో అయిదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు.

గురజాడవారు ఈ లెక్కను 1897లో ‘కన్యాశుల్కం’ నాటకపు ముందుమాటలో అచ్చువేయించి, నాటకమును మహారాజుకే అంకితమిచ్చారు. ఆ యేడే మే నెలలో మహారాజు కన్నుమూశారు.

ఇది వేరొక కులమువారి పాతకథ అని మనము తప్పించుకొందమా? 18 ఏండ్లు నిండని పిల్లకు పెండ్లి చేయరాదని చట్టమున్నా, “మంచి సంబంధం, మళ్లీ దొరకదు” అని బడి మాన్పించే తల్లిదండ్రులు మన పల్లెలలోనూ ఉన్నారు. వారి పందిట్లో మనమూ భోజనం చేసి వచ్చాము.

సంఘ పెద్దలారా, కానుకల లెక్క ప్రతివారం వ్రాస్తున్నాము. బడి మానిన మన ఆడపిల్లల లెక్క ఎన్నడైనా వ్రాశామా?