రీఫ్ అంటే సముద్రం మాటే కాదు, మన ఊరి మాట కూడా

కోరమండల్‌లో పుట్టి పెరిగిన పిల్లలకు 'రీఫ్' అన్న మాట ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. మన పక్క ఊరి పేరే చాంపియన్ రీఫ్. రాతిపొరల మధ్య బంగారం దాగి ఉన్న చారను గనివాళ్లు రీఫ్ అంటారని ఏ తాతనడిగినా చెబుతాడు. అయినా మా దగ్గరకు వచ్చిన అమ్మాయి ఒకరు సరిగ్గా ఆ మాట దగ్గరే తప్పింది.

మేము ఈ ప్రాంతపు తెలుగు పిల్లలకు సెలవు దినాల్లో పాఠాలు చెప్పే ఉపాధ్యాయులం. ఏడో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, తర్వాత ఇంగ్లీషుకు మారి, బెంగళూరులో డిగ్రీ పూర్తి చేసిన అమ్మాయి ఆమె. విదేశంలో ఎమ్మెస్సీ చేయాలని కోరిక. "మూడు వేల మాటలు కంఠతా పట్టినాను సార్, యాడైనా అడగండి" అంది. యాభై అడిగితే నలభై ఆరు గడగడా ఒప్పజెప్పింది. ఆ తర్వాత దక్షిణాఫ్రికా బంగారు గనుల మీద ఒక పేజీ ఇచ్చి చదవమన్నాం. అందులో రీఫ్ అంటే ఏమిటన్న ప్రశ్నకు 'సముద్రంలోని పగడపు దిబ్బ' అన్న జవాబు దగ్గర గీత పెట్టింది. ఎందుకమ్మా అంటే, "లిస్టులో అట్లే ఉండాది సార్" అని తల వంచుకుంది.

ఆ అమ్మాయికి తెలివి తక్కువేం కాదు. పట్టుదల అంతకన్నా తక్కువ కాదు. ఇంగ్లీషు మాటలు తెలియడం వేరు, ఇంగ్లీషు చదివి గ్రహించడం వేరు అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పరీక్ష ఫీజుకు వేల రూపాయలు కట్టాక తెలిసేకంటే ముందుగా తెలిస్తే మంచిది కదా! అందుకే ఈ వారం ఈ విషయం.

చైనా విద్యార్థులు పడిన బాట

విదేశీ విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేసేవారి ఇంగ్లీషును కొలిచే టోఫెల్ పరీక్ష 1964లో మొదలైంది. తొలి రోజుల్లో అందులో పదాలకు విడిగా ప్రశ్నలుండేవి. ఒక మాట ఇచ్చి, దానికి సమానార్థకం ఏదో గుర్తించమనేవారు. అలాంటి పరీక్షకు దారి ఒక్కటే: జాబితా తెచ్చుకోవడం, బట్టీ పట్టడం. పై చదువులకు అమెరికా వెళ్లాలనుకునే వారు రాసే జీఆర్ఈలో వ్యతిరేకపదాలు, పోలికపదాలు అడిగేవారు. అక్కడా అదే దారి.

ఈ దారిలో అందరికంటే ముందుకు పోయింది చైనా విద్యార్థులు. 1993లో బీజింగ్‌లో మొదలైన న్యూ ఓరియంటల్ వంటి శిక్షణ సంస్థలు పెద్ద పెద్ద హాళ్లలో వందల మందికి ఒకేసారి పదజాబితాలు నేర్పేవి. వాళ్లకు ఆ అవసరం కూడా ఉంది. చైనా భాష ఇంగ్లీషు మాటలను మనలాగా అలాగే తీసుకోదు. రైలును వాళ్లు 'నిప్పుబండి' అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. టెలిఫోన్‌కు వాళ్ల మాట విడదీస్తే 'విద్యుత్తు పలుకు'. కనుక చైనా విద్యార్థికి ఇంగ్లీషులోని దాదాపు ప్రతి మాటా కొత్తదే, ప్రతి మాటా కూర్చుని నేర్చుకోవలసిందే.

కానీ జాబితాతో వచ్చిన మార్కు దేనికి గుర్తు? 2002లో ఈ ప్రశ్న గట్టిగా లేచింది. పరీక్ష రాసి వచ్చినవారు ప్రశ్నలను గుర్తుపెట్టుకుని ఇంటర్నెట్‌లో పెడుతున్నారని తేలడంతో, పరీక్షను నిర్వహించే ఈటీఎస్ సంస్థ చైనా, హాంకాంగ్, తైవాన్, దక్షిణ కొరియాలలో కంప్యూటర్ మీద జరిగే జీఆర్ఈని ఆపి, మళ్లీ కాగితం పరీక్షకు వెళ్లింది. నిజాయితీగా రాత్రింబవళ్లు చదివిన పిల్లల మార్కులను సైతం అనుమానంగా చూసే పరిస్థితి వచ్చింది.

పరీక్షలు కూడా మారుతూ వచ్చాయి. 1995లో టోఫెల్‌లో విడి పదాల ప్రశ్నలు పోయాయి. మాట అర్థాన్ని పేరాలో దాని చోటును బట్టి చెప్పమనడం మొదలైంది. 2011 ఆగస్టులో జీఆర్ఈ నుంచి వ్యతిరేకపదాలు, పోలికపదాలు తొలగిపోయాయి. వాటి చోట వాక్యాన్ని అర్థం చేసుకుని ఖాళీ నింపే ప్రశ్నలకు ప్రాముఖ్యం వచ్చింది. ఐఈఎల్‌టీఎస్ పరీక్షలోనైతే మూడు పెద్ద వ్యాసాలు చదివి అరవై నిమిషాల్లో 40 ప్రశ్నలకు జవాబివ్వాలి. జాబితా అక్కడ కొంతవరకే తోడు వస్తుంది. పరీక్షలు మారినా మన వీధుల్లో చేతులు మారే జిరాక్సు జాబితాలు మాత్రం పాతవే.

మనకున్న మేలు, మనకున్న చిక్కు

చైనా విద్యార్థికి లేని మేలు ఒకటి మనకుంది. ఇంగ్లీషు మాటలు మన ఇళ్లలోకి ఎప్పుడో వచ్చేశాయి. కోలారు గనుల్లో పని కోసం చిత్తూరు, ఉత్తర ఆర్కాటు వైపు నుంచి వచ్చిన మన పెద్దలు బడికి పోకపోయినా షాఫ్టు, షిఫ్టు, లెవెల్, డిపాజిట్ అన్న మాటలు నోటికి పట్టుకున్నారు. చిక్కు కూడా అక్కడే ఉంది. ఇంట్లోకి వచ్చిన మాట ఒక్క అర్థంతోనే వస్తుంది. షిఫ్టు అంటే మనకు డ్యూటీ. అర్థశాస్త్ర వ్యాసంలో అది మార్పు. డిపాజిట్ అంటే మనకు బ్యాంకులో వేసిన సొమ్ము. భూగర్భశాస్త్రంలో నేలలో పేరుకున్న నిక్షేపం. తెలిసిన మాటే కదా అని పిల్లలు ఆగకుండా ముందుకు పోతారు, వాక్యం తలకిందులవుతుంది. తెలియని మాట దగ్గర ఆగి ఆలోచిస్తారు కనుక అంత ప్రమాదం లేదు.

ఎన్ని మాటలు తెలిస్తే చదవగలం? న్యూజీలాండ్ పండితుడు పాల్ నేషన్ లెక్క ప్రకారం, ఎవరి సాయమూ లేకుండా ఇంగ్లీషు పత్రికో నవలో చదవాలంటే నూటికి 98 మాటలు తెలిసి ఉండాలి. అందుకు ఎనిమిది తొమ్మిది వేల పద కుటుంబాలు కావాలి. పద కుటుంబమంటే ఒక మూలం, దాని నుంచి పుట్టిన రూపాలు. ఆ దేశానికే చెందిన ఎవరిల్ కాక్స్‌హెడ్ 2000లో ఉన్నత విద్యా గ్రంథాల్లో తరచుగా వచ్చే 570 పద కుటుంబాలను ఏరి ఇచ్చారు. పాఠ్యగ్రంథాల్లో పదింట ఒక మాట వాటిలోనిదే. అరుదైన మాటలు మూడు వేలు బట్టీ పట్టేకంటే ఈ 570 కుటుంబాలను వాక్యాల్లో పదేపదే కలుసుకోవడం మేలు.

ఈ ఆలోచనకు మన దేశంలోనే పాత వేరు ఉంది. 1920ల్లో ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన మైకేల్ వెస్ట్, బెంగాలీ పిల్లలు ఇంగ్లీషు పుస్తకం దగ్గర ఎందుకు ఆగిపోతున్నారో గమనించారు. పేజీలో కొత్త మాటలు మరీ ఎక్కువైతే బిడ్డ చదవడం మాని మాటలు వెతుక్కుంటాడని గ్రహించి, కొత్త మాటలను కొద్ది కొద్దిగా దించుతూ వాచకాలు తయారు చేశారు. 1953లో ఆయన ప్రచురించిన, సుమారు రెండు వేల మాటల జాబితా ఇప్పటి పదపరీక్షలకు పునాదుల్లో ఒకటి. మనకు ఇంకా దగ్గర్లో, 1979 నుంచి 1984 వరకు, ఎన్.ఎస్. ప్రభు బెంగళూరు, మద్రాసు వంటి చోట్ల మామూలు బడుల్లో ఒక ప్రయోగం నడిపారు. వ్యాకరణం వల్లె వేయించకుండా రైళ్ల వేళల పట్టిక, ఊరి పటం ఇచ్చి, వాటి నుంచి జవాబు పట్టుకోమనేవారు. చదవడమంటే అదే. మరికుప్పం బండి ఎన్ని గంటలకో పట్టికలో చూసుకునే పిల్లలకు ఆ పని కొత్తేమీ కాదు.

రెండు పేజీల పరీక్ష

ఇక మన బడుల్లో చేయగలిగింది చెబుతాం. దీనికి ఫీజు లేదు, కంప్యూటర్ అక్కర్లేదు.

మొదటిది నూరు మాటల లెక్క. పిల్లలకు నచ్చిన ఇంగ్లీషు పేజీలో వరసగా నూరు మాటలు చదివించండి. తెలియని మాట కింద గీత పెట్టమనండి. గీతలు రెండుకు మించకపోతే ఆ పుస్తకం వారు సొంతంగా చదవగలరు. ఐదు దాకా ఉంటే మాస్టారు పక్కన ఉండాలి. పది దాటితే పుస్తకం మార్చండి, బిడ్డను తిట్టకండి.

రెండోది ఒక మాటకు మూడు వాక్యాలు. షిఫ్టు, డిపాజిట్, లెవెల్, రీఫ్ వంటి మాటలను మూడు వేర్వేరు అర్థాలు వచ్చే వాక్యాల్లో ఇచ్చి, ప్రతి వాక్యాన్నీ తెలుగులో చెప్పమనండి. మూడు అర్థాలు దొరక్కపోతే రెండైనా చాలు. ఒప్పజెప్పడానికీ అర్థం చేసుకోవడానికీ ఉన్న తేడా పది నిమిషాల్లో బయటపడుతుంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. చదవలేకపోవడం భాష సమస్యా, చదువు సమస్యా అన్న ప్రశ్నను 1984లో చార్లెస్ ఆల్డర్సన్ అనే ఇంగ్లండ్ పండితుడు లేవనెత్తారు. తెలుగు బడిలో ఆ ప్రశ్నకు జవాబు కనిపెట్టడం సులువు. ఒకే స్థాయి విషయం మీద ఒక పేజీ తెలుగులో, ఒక పేజీ ఇంగ్లీషులో ఇవ్వండి. రెండింటికీ ఒకే రకం ప్రశ్నలు అడగండి: రచయిత ముఖ్యంగా ఏమంటున్నాడు, ఎందుకంటున్నాడు, చెప్పకుండా వదిలిందేమిటి. తెలుగులో జవాబు చెప్పి ఇంగ్లీషులో ఆగిపోతే లోటు పదాలది. రెండింటిలోనూ ఆగిపోతే లోటు చదివే అలవాటుది. మొదటి లోటుకు మాటలు కావాలి. రెండోదానికి ఏ భాషలోనైనా పుస్తకాలు కావాలి, ముందుగా తెలుగులో అయితే తేలిక.

మేము వాడిన పేజీలు మన ఊరివే. 1965లో చాంపియన్ రీఫ్ గనిలో, నేలకు రెండు కిలోమీటర్లకు పైగా లోతున, టాటా మౌలిక పరిశోధన సంస్థ, జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండ్‌లోని డరమ్ విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు కలిసి, వాతావరణంలో పుట్టిన న్యూట్రినో కణాల జాడ పట్టుకున్నారు. అదే ఏడాది దక్షిణాఫ్రికా బంగారు గనిలో మరో బృందానికీ ఆ జాడ దొరికింది. కోలారు కథ తెలుగులో, ఆఫ్రికా కథ ఇంగ్లీషులో ఇచ్చాం.

మన అమ్మాయి తెలుగు పేజీ చదివి, అంత లోతుకు ఎందుకు దిగారో, పైనున్న రాయి మిగతా కణాలను ఎలా అడ్డుకుంటుందో చక్కగా విడమరిచి చెప్పింది. ఇంగ్లీషు పేజీలో నూటికి పద్నాలుగు గీతలు పెట్టింది. అంటే ఆమెకు చదవడం వచ్చు, మాటలే చాలవు. అదే రోజు వచ్చిన మరో అబ్బాయి ఒకటో తరగతి నుంచి ఇంగ్లీషు మాధ్యమమే. ఇంగ్లీషు పేజీలో మూడే గీతలు. కానీ రెండు పేజీల్లో దేని సారమూ చెప్పలేకపోయాడు. తెలుగు పేజీని కూడబలుక్కుని చదివాడు. పదపరీక్ష ఒక్కటే పెట్టి ఉంటే అతడు ముందు, ఆమె వెనుక అనుకునేవాళ్లం.

మాతృభాషలో చదివితే పై చదువులకు పనికిరారన్న మాట మన తల్లిదండ్రులను ఇంకా భయపెడుతోంది. అప్పటి కోలారు జిల్లాలోనే, గౌరీబిదనూరు తాలూకా హోసూరు అనే పల్లెలో పుట్టిన హెచ్. నరసింహయ్య గారు టోఫెల్ పరీక్ష పుట్టకముందే, 1960లో, అమెరికాలోని ఓహియో స్టేట్ విశ్వవిద్యాలయం నుంచి భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ అందుకున్నారు. తర్వాత బెంగళూరు విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. పల్లె బడి ఆయనకు అడ్డం కాలేదు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక మన పిల్లల బతుకుదారి బెంగళూరు రైలుబండి అయింది. తెల్లవారక ముందే బయలుదేరితే పోను రెండు గంటలకు పైనే, రాను అంతే. ఆ అమ్మాయి ఇప్పుడు ఆ బండిలో జాబితా తీయడం లేదు. రోజుకొక ఇంగ్లీషు వ్యాసం చదువుతుంది, ఐదు మాటలకు గీత పెడుతుంది, దిగేలోగా వ్యాసం సారాన్ని నోటుపుస్తకంలో తెలుగులో నాలుగు వాక్యాలు రాస్తుంది. ఈ ఏడు పరీక్షకు ఫీజు కట్టలేదు. "నూటికి నాలుగు గీతలకొచ్చినాను సార్, రెండుకు దిగినాక కడతాను" అంది మొన్న.

వచ్చే ఆదివారం మీ ఇంట్లో దరఖాస్తు సిద్ధం చేసుకుంటున్న పిల్లలుంటే, ముందు ఈ రెండు పేజీలు చదివించి చూడండి. ఫీజు ఆ తర్వాత కట్టవచ్చు.