చారుదత్తుని విచారణ

హత్యను కన్నులార చూచిన సాక్షి దొరకుట అరుదు. హంతకుడు చీకటిని, ఏకాంతమును వెదకికొనును. అందుచే న్యాయస్థానములు తరచుగా ఆనవాళ్లపైననే ఆధారపడవలసివచ్చును. దీనినే సాందర్భిక సాక్ష్యమందురు. మనుష్యులు బొంకుదురు గాని ఆనవాళ్లు బొంకవని కొందరి నమ్మకము. శూద్రకుని మృచ్ఛకటికము చదివినవారికి ఆ నమ్మకము నిలువదు.

తొమ్మిదవ అంకమున ఉజ్జయినిలో న్యాయసభ తీరియున్నది. రాజు బావమరదియైన శకారుడు వసంతసేనను తానే గొంతు నులిమి, చనిపోయినదని తలచి, ఆ నేరమును చారుదత్తునిపై మోపెను. నగలకై చంపెనని వాదించెను. న్యాయాధికారి తొందరపడలేదు, సాక్షులను విచారించెను. తన కుమార్తె చారుదత్తుని యింటికి వెళ్లినదని ఆమె తల్లి చెప్పెను. చారుదత్తుని బండి ఆమెను ఉద్యానమునకు కొనిపోవుచుండెనని నగర రక్షకుడు వీరకుడు చెప్పెను. ఆ ఉద్యానమున ఒక స్త్రీ కళేబరము కనబడెను. ఇంతలో చారుదత్తుని మిత్రుడు మైత్రేయుని చంకనుండి నగలు జారిపడెను. అవి వసంతసేనవేనని చారుదత్తుడే ఒప్పుకొనెను. తక్కిన ప్రశ్నలకు సరియైన సమాధానము చెప్పజాలకపోయెను. రాజు మరణదండన విధించెను.

ఇందు బొంకినవాడు శకారుడొక్కడే. తల్లి చెప్పినది నిజము. వీరకుడు బండివాని మాట నమ్మి చెప్పెను; బండిలో ఉన్నవాడు చెరనుండి తప్పించుకొనిన ఆర్యకుడు. కళేబరము వేరొక స్త్రీది. నగలు చారుదత్తుని పసివాని మట్టిబండిలో వసంతసేన ప్రేమతో ఉంచినవి. వానిని ఆమెకు తిరిగి చేర్చుటకే మైత్రేయుడు బయలుదేరెను. భిక్షువు కాపాడిన వసంతసేన వధ్యస్థలమునకు సమయమునకు రాకున్నచో నిరపరాధి ప్రాణము పోయెడిది.

సభ రెండు చోట్ల తప్పినది. ఈ ఆనవాళ్లకు మరియొక అర్థముండునా యని అడుగలేదు. నిందితుని మౌనమునే రుజువుగా గైకొన్నది.

1984లో మన సుప్రీంకోర్టు, మహారాష్ట్రనుండి వచ్చిన ఒక కేసులో, క్రింది న్యాయస్థానములు మరణశిక్ష వేసిన భర్తను విడుదల చేయుచు ఐదు నియమములను క్రోడీకరించెను. ఆనవాళ్లన్నియు పూర్తిగా రుజువు కావలెను. అవి నిందితుని దోషమునకే పొసగవలెను. నిశ్చయాత్మకముగా ఉండవలెను. మరే యూహకును తావీయరాదు. నిందితుడే చేసెనని తేల్చు గొలుసు ఎచ్చటను తెగియుండరాదు. తెగిన లంకెను నిందితుని మౌనముగాని, అసత్యపు వివరణగాని అతుకజాలవు. ఏలయన రుజువు భారము ముందుగా నేరము మోపినవారిది. 1872 నాటి సాక్ష్య చట్టమున 101వ సెక్షను ఈ భారమును నిర్ణయించెను. దాని స్థానమున 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమున 104వ సెక్షనుకూడ అదియే చెప్పుచున్నది.

“చేసియుండవచ్చును”, “చేసియుండితీరవలెను” అను రెండు మాటల నడుమ దూరము చాల యున్నదని ఆ న్యాయస్థానమే 1973లో హెచ్చరించెను. వ్యాకరణ విద్యార్థికి అది క్రియారూప భేదము. బోనులో నిలిచినవానికి ప్రాణము. ఈ నియమము వలన ఒకప్పుడు దోషియు తప్పించుకొనవచ్చును. ఆ నష్టము తెలిసియే న్యాయశాస్త్రము దానిని అంగీకరించినది.

తరగతిలో కలము పోయినప్పుడు మన చూపు ముందుగా పేదబాలునిపై వ్రాలును. చారుదత్తుడును పేదవాడే. “నీవు తీయలేదని రుజువు చేయుము” అని గద్దించుటకు ముందు ఉపాధ్యాయుడు ఉజ్జయిని సభను ఒక్కసారి తలచుకొనుట మంచిది.