సాల్మన్ వేట - మన మానేరు

అమెరికాలోని మిచిగాన్ సరస్సును మంచినీటి సముద్రమనే చెప్పాలి. వేసవిలో జనం అక్కడ సారంగుతో సహా పడవ మాట్లాడుకొని సాల్మన్ చేపల వేటకు పోతారు. పడవ మెల్లగా సాగుతుంటే వెనుక గాలాలు ఈడ్చుకొస్తుంటాయి. ఎండలకు సాల్మన్ చల్లని లోతుకు దిగుతుంది కనుక, బరువైన లోహపు గుండు సాయంతో గాలాన్ని అక్కడికే దించుతారు. మెరిసే రేకును చిన్న చేప అనుకొని సాల్మన్ వెంటబడి మింగుతుంది.

ఆ సాల్మన్ అక్కడి చేప కాదు. సముద్రం నుంచి కాలువల వెంట చొరబడిన ఏల్‌వైఫ్ అనే చిన్న చేప సరస్సును నింపేస్తే, దాన్ని తినడానికి 1966లో పసిఫిక్ సాల్మన్ పిల్లలను వదిలారు. వేట జోరందుకుంది. కాని పక్కనున్న హ్యూరాన్ సరస్సులో 2004 నాటికి ఏల్‌వైఫ్ కరువై సాల్మన్ చిక్కిపోయింది; పడవల గిరాకీ కూడా పడిపోయింది.

మన సుల్తానాబాద్‌కు దగ్గరి దిగువ మానేరు జలాశయంలోనూ రవ్వ, బొచ్చె వదిలిన పిల్లలే. 2016లో ప్రభుత్వం ఉచితంగా చేప పిల్లలివ్వడం మొదలుపెట్టింది. బొచ్చె నీటిలో తేలే సూక్ష్మజీవులను తింటుంది, రేకు వెంటబడదు. దాన్ని ఎక్కువగా వలతోనే పడతారు. పద్ధతి వేరైనా సూత్రమొకటే: ఎన్ని పిల్లలు వదిలామన్నది కాదు, వాటికి మేత ఎంత ఉన్నదన్నదే అసలు లెక్క. మానేరును నమ్ముకున్న బెస్త, ముదిరాజు కుటుంబాల కూడు ఆ లెక్కలోనే ఉన్నది.